ఓర్వకల్లు నుండి విశాఖకు: ఆకాశమార్గపు దూరము, ప్రయాణపు కాలము

దూరమెంత యని అడిగినవారికి కిలోమీటర్ల లెక్క చెప్పుట మనకు ఈమధ్య వచ్చిన అలవాటు. కూతవేటు దూరమనియు, పూట ప్రయాణమనియు, పొద్దువాలునప్పటికి చేరుదువనియు చెప్పుచు వచ్చిన మన పూర్వులు కోసును ఆమడను ఎఱుగక అట్లు చెప్పినవారు కారు. నడుమ వాగు పొంగియున్నదో, ఎద్దులు అలసియున్నవో, కనుమ ఎక్కి దిగవలసియున్నదో ఆలోచించి, బాటసారికి పనికివచ్చునది నేలకొలత కాక గమ్యము చేరుటకు పట్టు కాలమేయని తెలిసి చెప్పిరి. ఆకాశయానము సామాన్యులకు అందుబాటులోనికి వచ్చుచున్న ఈ దినములలో ఆ వివేకము మనకు మఱింత అవసరమైయున్నది. రెండు ప్రాంతీయ విమానాశ్రయముల నడుమ ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని నిమిషములు అని ప్రకటనలలో కనబడు అంకెలను చూచి, ఆ అంకెలే ప్రయాణమని నమ్మి పాలకులు పథకములు రచించుచున్నారు. ప్రజలు ఆశలు పెంచుకొనుచున్నారు. అంకెలలో తప్పు లేదు. ఐతే అవి ఒక రన్‌వే చివరినుండి మఱియొక రన్‌వే చివరికి గల సంగతిని మాత్రమే చెప్పును. ప్రయాణికుని ఇంటి గడపనుండి అతడు చేరవలసిన గడపవఱకు గల సంగతిని చెప్పవు.

కర్నూలు, విశాఖపట్టణములనే తీసికొందము. కర్నూలునకు సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున, నంద్యాల పోవు రహదారికి చేరువగా, ఓర్వకల్లు ఱాతిగుట్టల సీమలో నిర్మింపబడి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు ధరించిన విమానాశ్రయము 2021వ సంవత్సరము మార్చి 25వ తేదీన ప్రారంభమయ్యెను. ఆ నెల 28వ తేదీన బెంగుళూరు, చెన్నై, విశాఖలకు విమానములు బయలుదేరెను. ఈ మూడింటిలో రాయలసీమవాసులను మిక్కిలి ఆకర్షించినది విశాఖ మార్గమే. ఏలయన రాష్ట్రమునకు పడమటి అంచుననున్న పట్టణమును తూర్పు సముద్రతీరపు నగరముతో ఒకే గెంతులో కలిపిన దారి అంతకుముందు లేదు.

ఈ దారి పొడవెంతయో తెలిసికొనుటకు నిపుణులను ఆశ్రయింపనక్కఱలేదు. ఓర్వకల్లు రమారమి 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను 78.2 డిగ్రీల తూర్పు రేఖాంశమునను ఉన్నది. విశాఖ విమానాశ్రయము 17.7 డిగ్రీల అక్షాంశమునను 83.2 డిగ్రీల రేఖాంశమునను ఉన్నది. అనగా ఉత్తరమునకు 2 డిగ్రీలు, తూర్పునకు 5 డిగ్రీలు. అక్షాంశములో ఒక డిగ్రీ ఎక్కడనైనను సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశములో ఒక డిగ్రీ భూమధ్యరేఖనుండి ధ్రువమునకు పోవుకొలది తఱుగుచు, మన ప్రాంతమున సుమారు 107 కిలోమీటర్లుగా నుండును. కావున ఉత్తరమునకు 222, తూర్పునకు 535. ఈ రెండును భుజములుగా గల లంబకోణ త్రిభుజపు కర్ణము కట్టినచో 580 కిలోమీటర్లకు ఒకటి రెండు అటునిటుగా వచ్చును. ఇంత కొద్ది దూరమున భూగోళపు వంపు లెక్కను అంతగా మార్పదు. పైలట్ల భాషలో చెప్పవలసినచో, 1852 మీటర్ల నాటికల్ మైళ్ళలో ఇది 313. ఉన్నత పాఠశాల విద్యార్థి తన పటముతోను, తాను నేర్చిన సిద్ధాంతముతోను ఈ లెక్కను ఒక్క గడియలో వేయగలడు. ఉపాధ్యాయులు వేయింపదగిన లెక్క కూడను.

ఇక కాలము. ఇట్టి దారులలో తిరుగునది రెండు ప్రొపెల్లర్ ఇంజనులు గల ఏటీఆర్-72 విమానము. డెబ్బదికి పైచిలుకు మంది కూర్చుండదగిన ఈ విమానము పెద్ద జెట్టులకు కావలసినంత పొడవైన రన్‌వేను కోరదు. కొద్ది దూరములకు ఇంధనమును పొదుపుగా వాడుకొనును. కాని గంటకు 800 కిలోమీటర్లకు మించి పోవు జెట్టులతో పోల్చినచో దీని వేగము 500 ప్రాంతమున నిలిచిపోవును. 580ని 500 చేత భాగించినచో 70 నిమిషములు వచ్చును. అట్లుండియు విమాన సంస్థల వేళల పట్టికలో ఇంతటి దూరమునకు గంటన్నరకు తక్కువ కాని కాలము కనబడుటకు కారణములు లేకపోలేదు. పట్టికలోని కాలము చక్రములకు అడ్డు పెట్టిన దిమ్మెలు తీసిన క్షణమున మొదలై, గమ్యమున మరల దిమ్మెలు పెట్టిన క్షణమున ముగియును. ఆ నడుమ విమానము నేలమీద మెల్లగా నడచి రన్‌వే చివరకు చేరవలయును. గాలి ఎదురుగా వీచు దిక్కునకు లేచి, పిదప తన దారికి మరలవలయును. ఎత్తు ఎక్కునంతసేపు దాని ముందువేగము తక్కువగా నుండును. గమ్యము దగ్గఱపడిన పిమ్మట వేగము తగ్గించుకొనుచు, తన వంతు వచ్చువఱకు వేచి, రన్‌వేకు సూటిగా నిలిచి దిగవలయును. విశాఖలో రన్‌వే నౌకాదళపు ఐఎన్ఎస్ డేగ వైమానిక కేంద్రముతో ఉమ్మడిది, చుట్టును కొండలున్నవి, రక్షణావసరములకు అక్కడ ప్రథమస్థానము ఉండుట న్యాయమే. ఈ ఎక్కుడు కాలమంతయు కలిపి ఇరువది ముప్పది నిమిషములగును. ముఖ్యమైన సంగతి ఏమనగా, దారి పొడవు మూడువందల కిలోమీటర్లైనను ఆరువందలైనను ఈ ఇరువది ముప్పది నిమిషములు తఱుగవు. దారి ఎంత చిన్నదైన, మొత్తము కాలములో వీని పాలు అంత పెద్దదగును.

నేలమీద గడచు కాలమును గూర్చియు ఇదే మాట. విజయవాడ, విశాఖల నడుమ ఈ సత్యము స్పష్టముగా కనబడును. విజయవాడ విమానాశ్రయమున్న గన్నవరమునుండి విశాఖకు ఆకాశమార్గమున 290 కిలోమీటర్లే. ఏటీఆర్ వేగమున 35 నిమిషముల దూరము, పట్టికలో సుమారు ఒక గంట. కాని విజయవాడ నడుమ బెంజి సర్కిలు దగ్గఱ నివసించు గృహస్థుడు గన్నవరము చేరుటకు అరగంటయైనను కావలయును. విమానము కదలుటకు గంటకు ముందే లోపల నుండవలయును. అటు దిగిన పిమ్మట సామాను కొఱకు పావుగంట, నగరములోనికి పోవుటకు అరగంటయో ముప్పావుగంటయో పట్టును. మొత్తము మూడున్నర గంటలకు చేరువగును. 2023వ సంవత్సరము జనవరి 15వ తేదీన సికిందరాబాదు, విశాఖల నడుమ మొదలైన వందే భారత్ రైలు విజయవాడనుండి విశాఖకు గల 350 కిలోమీటర్లను నాలుగు గంటలకు కాస్త అటునిటుగా దాటించుచున్నది. ఎక్కు స్టేషను ఊరి నడుమ నున్నది, దిగు స్టేషనును ఊరి నడుమనే యున్నది. బయటి దేశములనుండి వచ్చి గన్నవరములో విమానము మారువారికి ఈ గాలిదారి మేలే. తక్కినవారికి అది ఇచ్చు లాభము మిక్కిలి స్వల్పము. కోస్తా జిల్లాలలో పట్టణమునకొక విమానము కావలయునని సభలలో అడుగువారు మొదట ఆ పట్టణము గుండా పోవు ప్రధాన రైలుమార్గమును చూడవలయును.

కర్నూలు సంగతి అట్టిది కాదు. నల్లమల అడవులు అడ్డుగోడవలె నిలిచి పడమటి జిల్లాలను కృష్ణాతీరమునుండి వేఱుచేయుచున్నవి. నంద్యాల, గిద్దలూరుల మీదుగా గుంటూరునకు పోవు రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దమున ఆ కొండలను తొలిచి వేయబడినదే గాని, కర్నూలు పట్టణము ఆ మార్గముమీద లేదు. అది సికిందరాబాదు నుండి డోను పోవు మార్గమున నున్నది. కావున విశాఖకు పోదలచిన కర్నూలువాసి డెబ్బది కిలోమీటర్లు బస్సులో నంద్యాల చేరి, అక్కడ రైలెక్కి, నంద్యాల నుండి గుంటూరు 257, గుంటూరు నుండి విజయవాడ 32, విజయవాడ నుండి విశాఖ 350 కిలోమీటర్లు పోవలయును. రాత్రియంతయు గడచి, మఱునాటి పగటిలోను కొంత భాగము పోవును. రోడ్డుదారి అడవిగుండా, వినుకొండ, గుంటూరుల మీదుగా ఏడువందల కిలోమీటర్లకు కొద్ది తక్కువ. 580 కిలోమీటర్ల గగనమార్గమునకు ఇంటినుండి ఇంటికి లెక్క కట్టినను ఐదు గంటలలో ముగియు ప్రయాణము, నేలమీద పదునాలుగు పదునైదు గంటలు తినుచున్నది. గన్నవరము మార్గమున ప్రయాణికునకు మిగులునది అరగంటయో, అదియును లేదో. ఇక్కడ మిగులునది ఒక పగలు.

ఈ దూరము తెలుగువారి చరిత్రలో సామాన్యమైన పాత్ర వహింపలేదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడనుండి విశాఖలోని వాల్తేరునకు తరలినప్పుడు, దత్తమండలములనబడిన నేటి రాయలసీమవారు తమ బిడ్డలను అంత దూరము పంపజాలమని ఆక్షేపించిరి. రాయలసీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయము క్రింద ఉండెను. 1937వ సంవత్సరము నవంబరు 16వ తేదీన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి మద్రాసు గృహమైన శ్రీబాగులో ఉభయ ప్రాంతముల నాయకులు కుదుర్చుకొన్న ఒడంబడికలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము ఉండవలెనను మాట మొదటి మాటలలో నుండుటకు మూలము ఈ దూరమే. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని యైనది. మూడేండ్లకు ఆ గౌరవమును హైదరాబాదునకు ఇచ్చివేసినది. ఉత్తరాంధ్రకు సీమ దూరము, సీమకు ఉత్తరాంధ్ర దూరము అను భావము నాటినుండి నేటివఱకు మన రాజకీయములలో జీవించియున్నది. కనుక కర్నూలు, విశాఖల నడుమ ఒక విమానము తిరుగుటను వినోదయాత్రికుల సౌకర్యముగా నేను భావింపజాలను. చదువుకొఱకు, చికిత్సకొఱకు, కోర్టుపనికొఱకు, ఉద్యోగపు ఇంటర్వ్యూకొఱకు రాష్ట్రపు ఈ కొసనుండి ఆ కొసకు పోవలసిన మనుష్యునకు ఒక పగలు మిగుల్చు సాధనము ప్రజావసరమే యగును.

ఐతే ఆ సాధనము నమ్మదగినదై యుండవలయును. కొంతకాలము క్రిందట ఒకానొక చిన్న విమానాశ్రయమున నేను చూచినది ఇక్కడ చెప్పక తప్పదు. టర్మినల్ నూతనముగా, శుభ్రముగా, కాంతివంతముగా నుండెను. వేచియున్నవారిలో పల్లెనుండి వచ్చిన వృద్ధదంపతులు నా ప్రక్క కుర్చీలలో కూర్చుండియుండిరి. ఆమె ఒడిలో తెల్లని తుండుగుడ్డలో మూటగట్టిన జొన్నరొట్టెలు, ఆయన చేతిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఆస్పత్రి కాగితములు. వేళకు చేర్చు బస్సు ఏదియు లేకపోవుటచే, తెల్లవారుజామున మూడు గంటలకు బాడుగ కారు కట్టించుకొని వచ్చిరట. ఆ బాడుగ విమానపు టిక్కెట్టులో సగమునకు వచ్చెనట. విమానము ఒక గంట ఆలస్యమని మొదట చెప్పిరి, పిదప రెండు గంటలనిరి, తుదకు మబ్బు క్రిందికి దిగియున్నందున ఆ దినమునకు రాదని చెప్పిరి. డబ్బు తిరిగి వచ్చుననియు చెప్పిరి. అందు లోపము లేదు. కాని కారు అప్పటికే వెళ్ళిపోయెను. రహదారిమీది బస్సు ఆగుచోటికి నడచి పోవలయును. ఆ పెద్దాయన కాగితముల సంచిని మరల మడచి, "సారూ, రేపైనా ఇదే టయానికి వస్తాదా?" యని నన్నడిగెను. మఱునాడు విమానము లేదు. వారమున కొన్ని దినములు మాత్రమే కలదు. ఆ మాట నేను చెప్పవలసి వచ్చెను. ఆమె రొట్టెల మూట విప్పి నాకొకటి ఇచ్చెను.

మబ్బు క్రిందికి దిగిన మాత్రమున విమానము రాకపోవుట ఏల యని చదువరులు అడుగవచ్చును. పెద్ద విమానాశ్రయములలో రేడియో కిరణముల సాయమున మబ్బులలోనుండియు విమానమును రన్‌వేకు సూటిగా దింపు ఐఎల్ఎస్ యంత్రములుండును. చిన్నవానిలో అనేకములకు అవి లేవు. పైలటు కంటితో చూచి దిగవలయును, అందులకు 5 కిలోమీటర్ల మేర స్పష్టముగా కనబడుచుండవలయును. వానకాలపు ఉదయములందును, పుష్యమాసపు మంచులోను ఈ నియమము కుదురదు. నియమము ప్రాణరక్షణకొఱకు ఏర్పడినది గనుక దానిని సడలింపరాదు; యంత్రములనే నెలకొల్పవలయును. కోట్లు వెచ్చించి టర్మినల్ కట్టి, దానికి అద్దములు తొడిగి, దిగుటకు సాయపడు యంత్రమును మాత్రము వెనుకకు నెట్టుట ఏ దృష్టితో చూచినను సమర్థింపరానిది.

ప్రభుత్వము చేసిన ప్రయత్నమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. 1981లో వాయుదూత్ సంస్థను స్థాపించి, చిన్న పట్టణములకు విమానములు నడుపవలెనని పూనుకొన్న సంకల్పము గొప్పది. పందొమ్మిది మంది కూర్చుండు డోర్నియర్ విమానములతో ఎన్నో ఊళ్ళకు దారులు తెఱచి, నష్టములు మోయలేక 1993లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. 2016లో రూపొందిన ఉడాన్ పథకము ఆ అనుభవమునుండి కొంత నేర్చుకొన్నది. 2017వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన ప్రధానమంత్రి సిమ్లానుండి జెండా ఊపి పంపిన తొలి మార్గములలో మన కడప, హైదరాబాదు మార్గమును కలదు. సుమారు 500 కిలోమీటర్లు, అనగా ఒక గంట ప్రయాణమునకు పథకపు సీట్లలో 2,500 రూపాయలు మించరాదనియు, విమాన సంస్థకు కలుగు లోటును మూడేండ్లపాటు ప్రభుత్వము పూరించుననియు అందులో ఏర్పాటు చేసిరి. దూరమును బట్టి ధరకు హద్దు విధించుట న్యాయమైన పద్ధతి. ఫలితము మాత్రము మనము ఆశించినంత కాదు. 2023లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సమర్పించిన నివేదిక ప్రకారము, పథకపు మొదటి మూడు విడతలలో కేటాయించిన 774 మార్గములలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో 112 మాత్రమే మూడేండ్ల గడువును పూర్తిచేసెను. ఆ గడువు తరువాత 2023 మార్చినాటికి నిలిచియున్నవి 54. కడప మార్గమున తొలుత ఎగిరిన ట్రూజెట్ సంస్థయే 2022లో ఎగురుట మానివేసెను.

ఇన్ని మార్గములు ఆగిపోవుటకు ప్రయాణికులు లేకపోవుటయే కారణమని సామాన్యముగా చెప్పుదురు. నా యభిప్రాయమున మార్గముల ఎంపికలోనే పొరపాటున్నది. పటముమీద రెండు చుక్కల నడుమ దూరము చూచి, గాలిలో పట్టు నిమిషములు లెక్కించి, అంతటితో మార్గము నిర్ణయించుచున్నారు. నేలమీద మఱియొక సాధనముతో పోవుటకు ఎంత కాలము పట్టుచున్నది, విమానము వలన గడపనుండి గడపకు ఎన్ని గంటలు మిగులును అను ప్రశ్నకు మొదటి స్థానము ఇచ్చుట లేదు. నాలుగు గంటలలో రైలు చేర్చు చోటికి విమానమును మూడేండ్లు ధనసాయముతో నడిపినను, నాలుగవ యేట అది ఆగును, ఆగుటయే సహజము. నల్లమలవంటి అడ్డుగోడ నడుమ నున్నచోట, రైలు చుట్టుతిరిగి పోవుచోట, మిగులు కాలము ఆరేడు గంటలకు మించుచోట, మూడేండ్ల గడువు చాలదు. అక్కడ ప్రజలకు ఆ దారి అలవాటగువఱకు ధనసాయము కొనసాగవలయును. ఉన్న ధనమును అన్నిచోట్ల సమముగా చల్లుటకంటె ఇట్టి కొలది దారులమీద స్థిరముగా ఉంచుట మేలు.

విశాఖ వైపున మఱియొక సంగతి ఆలోచింపదగియున్నది. నగరమునకు ఈశాన్యముగా సుమారు 45 కిలోమీటర్ల దూరమున భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయము రూపొందినది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారికి అది వరమే. నౌకాదళపు రన్‌వే మీది భారమును తగ్గించును. పెద్ద విమానములకు చోటు చూపును. కాని కర్నూలునుండి కింగ్ జార్జి ఆస్పత్రికో, విశ్వవిద్యాలయమునకో పోవు ప్రయాణికుడు భోగాపురమున దిగినచో, అక్కడినుండి నగరములోనికి అతనికి ఇంచుమించు ఒక గంట పట్టును. అనగా గాలిలో 580 కిలోమీటర్లు దాటుటకు పట్టిన కాలములో సగమునకు పైగా, నేలమీద 45 కిలోమీటర్లకు పట్టును. ఓర్వకల్లు, భోగాపురముల నడుమ దూరమును పటముమీద కొలిచినచో పెద్ద తేడా కనబడదు. ఆ తేడాను నేలమీది రోడ్డే చెప్పును.

ఈ ప్రాంతపు మార్గములకు కావలసినవి గొప్ప వస్తువులు కావు. విమానము వారమున మూడు దినములే యైనను, ఆ దినములు, ఆ వేళలు నెలనెలకు మారకుండవలయును; అప్పుడే ఆస్పత్రివారు ఇచ్చిన తేదీని, కోర్టువారు వేసిన వాయిదాను, విమానపు దినముతో జతపఱచుకొనుటకు వీలగును. దిగుటకు సాయపడు యంత్రములు వచ్చువఱకు, విమానము రాని దినమున ప్రయాణికులను దగ్గఱి రైల్వే స్టేషనుకు చేర్చు బాధ్యతను ఎవరో ఒకరు నియమపూర్వకముగా వహింపవలయును. ఆదోని, నంద్యాల, కర్నూలులనుండి విమానపు వేళకు ముందుగా చేరు బస్సును రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ నడుపవలయును. విమానము దిగిన అరగంటకు ఆ బస్సే ఊళ్ళకు తిరిగిపోవలయును. విశాఖవైపున నగరమునకును అట్లే యుండవలయును. ఆ బస్సు వేళను విమానపు టిక్కెట్టుమీదనే అచ్చువేయవలయును. ఇందులకు కొత్త రన్‌వే అక్కఱలేదు, కొత్త చట్టము అక్కఱలేదు. విమానాశ్రయాధికారులును రవాణా సంస్థవారును ఒకచోట కూర్చుండి, రెండు వేళల పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచిన చాలును. ఆ పని ఈ వానకాలము ముగియకముందే చేయవలసినదిగా ఉభయులను కోరుచున్నాను.